మొప్ప ఎత్తి చూసే అమ్మ

మా అమ్మ వరంగల్ మార్కెట్లో చేపలు కోసి అమ్ముతుంది. పాలవాడిని నమ్మదు, ఆటోవాడిని నమ్మదు, నన్నైతే అసలే నమ్మదు. చెరువు నుంచి సరుకు రాగానే ఒక్కో చేప మొప్ప ఎత్తి చూస్తుంది. ఎర్రగా ఉంటే తాజా, వెలిసిపోతే పక్కకు. కొందరు మొప్పలకు రంగు పూస్తారట, అందుకని వేలితో రుద్ది కూడా చూస్తుంది. ఆ అనుమానం కొంత నాకూ వచ్చింది, ఎక్కడికి పోతుంది!

నా బిడ్డకు ఐదో నెల. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగిపోయేది, నుదురంతా చెమట. హనుమకొండలో పిల్లల దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ స్కాన్ చేసి, గుండెలో రంధ్రం ఉంది, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాలి, ఆలస్యం చేయొద్దు అంది. సరేనని తలూపి చీటీ తీసుకున్నాను. బయటికి వచ్చాక మాత్రం అనుమానం మొదలైంది. మిషన్ వాళ్ళదే, మాటా వాళ్ళదే. లేని జబ్బు అంటగట్టినా మనకేం తెలుస్తుంది?

ఇంటికి రాగానే అమ్మ బిడ్డను వెలుతురులోకి ఎత్తుకెళ్ళి, కింది పెదవి లాగి చూసింది. గోళ్ళు నొక్కి చూసింది.

"గింత ఎర్రగున్న పిల్లకు గుండె జబ్బా? అంత ఉత్తదే. రేపు నేనొస్త, ఆమెను నేనడుగుత."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అన్నట్టే మర్నాడు వచ్చి నిలదీసింది.

"మేడం, నేను చేపలు కోసేదాన్ని. చేప గుండె మొప్పల పక్కనే ఉంటది. రక్తం సీదా మొప్పలకే పోతది. గుండె చెడితే మొప్ప ఎర్రగెట్లుంటది?"

డాక్టరమ్మ నవ్వలేదు. "చేపకు నిజమేనమ్మా. గుండెల నుంచి మొప్పలకు, ఆడికెళ్ళి ఒళ్ళంత తిరిగి మళ్ళ గుండెకు. ఒక్కటే చుట్టు. మనిషి రక్తం రెండుసార్లు గుండెకొస్తది. ఊపిరితిత్తులల్ల గాలి పట్టుకొని మళ్ళ గుండెకొచ్చి, అప్పుడు ఒంటికి పోవాలె. పాపకు నడిమి గోడకు రంధ్రముంది. ఒంటికి పోవాల్సిన ఎర్ర రక్తం కొంత మళ్ళ ఊపిరితిత్తులకే పోతాంది. అందుకే పెదవులు ఎర్రగున్నా ఆయాసపడతాంది. రంగు జూసి మోసపోవద్దు."

అమ్మ ఆమె ముఖంలోకే చూస్తోంది, అబద్ధం ఎక్కడ దొరుకుతుందా అని. నేనూ అంతే.

"మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్ల ఉండెనా?" అని డాక్టరమ్మ నన్నడిగింది.

"లేదు మేడం."

"ఉండె," అంది అమ్మ.

నేను చటుక్కున తిరిగాను. నేనే మొదటి సంతానమనుకుంటూ ఇంతదాన్నయ్యాను.

"నీకంటె ముందు పిల్లగాడు. పాలు తాగుకుంట గిట్లనే చెమటలు పెట్టేటోడు. దవాఖానకు పోదమని మీ నాయిన ఎంత మొత్తుకున్నా నేనే వద్దన్న. ఎర్రగున్నడు గదా, ఏమైతదిలే అనుకున్న. వాడు దక్కలే."

అమ్మ మీద కోపమో జాలో తెలియలేదు నాకు. ఆమె నా ఒళ్ళోంచి బిడ్డను తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"నువ్వు ఏడికి పొమ్మంటె ఆడికే పోతం, మేడం," అంది డాక్టరమ్మతో.