వెనకనుంచి పిలిచాను: పెర్త్ కొండల్లో పిస్తోలు పోటీ చూడబోయిన ఆదివారం

నా కూతురు కట్టుకున్న మొగుణ్ణి నలుగురిలో నిలబెట్టి ఆటలోంచి పంపేసిందనీ, కన్నతల్లి పక్కనే ఉండి కూడా నోరు మూసుకుందనీ ఉగాది భోజనాల దగ్గర ఎవరో అన్నారట. నేను నోరు మూసుకోవడమేమిటి? ఆ రోజు నోరు తెరవడమే నా తప్పు. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఇది నేను చెబుతుంటే మా అల్లుడు రమణ కంప్యూటర్లో కొడుతున్నాడు. ఆ పంపేసిన మొగుడు ఇతనే. నేను చెప్పింది చెప్పినట్టే కొట్టాలని ముందే మాట తీసుకున్నాను. మన తెలుగువాళ్ల వెబ్‌పేజీలో పెడతారట. ఇక్కడికి వచ్చే అమ్మానాన్నలకు దారీ తెన్నూ తెలుస్తుంది, అన్నవాళ్లకు జవాబూ దొరుకుతుంది.

మా అమ్మాయి పద్మ, అల్లుడు ఇద్దరూ కంప్యూటర్ల పనిమీద పెర్త్ వచ్చినవాళ్లే. రెండువేల సంవత్సరం వస్తే లెక్కలన్నీ తారుమారై మిషన్లు ఆగిపోతాయని భయపడి, ఏడాదిపాటు వీళ్లను ఆఫీసుల్లో కట్టేశారు. ఆ రోజు వచ్చింది, ఏదీ ఆగలేదు. ఆ ఏడాదిలోనే ఆఫీసులో ఎవరో తీసుకెళితే ఇద్దరూ పిస్తోలు క్లబ్బులో చేరారు. నేను ఆరునెలల వీసా మీద వచ్చేసరికి పడగ్గదిలో నేలకు బోల్టులు వేసిన ఇనుప పెట్టె ఉంది. నగలకేమో అనుకుని నా గొలుసు కూడా అందులో పెట్టమన్నాను. "అది తుపాకుల పెట్టె అమ్మా. లైసెన్స్ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ తాళం ముట్టుకోకూడదు" అంది పద్మ. నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. తర్వాత తెలిసింది, వీళ్లది మనుషుల మీద కాల్చే వ్యవహారం కాదని. నడుముకు పిస్తోలు కట్టుకుని, ఒక చోటునుంచి ఇంకో చోటుకు పరిగెడుతూ అట్టలమీద, ఇనుప రేకులమీద గురి చూసి కొట్టాలి. గురి ఎంత బాగుంది, ఎంత త్వరగా అయింది, రెండూ కలిపి లెక్క కడతారు. ఆ నెల పోటీ మొత్తం నడిపించే పని మొదటిసారి పద్మకు ఇచ్చారు. క్లబ్బులో పెద్దాయన కెన్ అని ఒకాయన రోజంతా వెనకే ఉండి చూసి, సరే అనుకుంటే కాగితం మీద సంతకం పెడతాడు. పెడితే ఇకమీదట పోటీలు తనంతట తానే నడపొచ్చు. లేకపోతే లేదు. ఆ క్లబ్బులో అంతవరకు పోటీ నడిపిన ఆడమనిషి లేదట.

అందుకు మూడు వారాలపాటు మా భోజనాల బల్ల కనిపించలేదు. బల్లనిండా కాగితాలు. ఎక్కడ పీపాలు పెట్టాలి, ఎక్కడ తడికెలు నిలబెట్టాలి, ఎన్ని అట్టలు, ఎవరు ఏ జట్టులో. నేను మిరపకోతలకు యాభైమంది ఆడవాళ్లను తోలుకెళ్లిన మేస్త్రీని. చూస్తే నాకు పని అర్థమైంది. "ఇరవైనాలుగు మందిని మూడు జట్లు చేశావు సరే. మూడో జట్టు ఎండలో ఊరికే ఎందుకు నిలబడి ఉంటుంది?" అన్నాను. పద్మ కాగితం తిప్పి చూసుకుని, "అమ్మా, ఈ టైమింగ్ నేను మిస్సయ్యాను" అని, ఒక ఆట చోటు మార్చింది. శనివారమంతా ఆలుమగలు వెళ్లి కొయ్యలు పాతి వచ్చారు. ఇద్దరి మెడలూ ఎండకి కమిలిపోయాయి.

ఆదివారం ఐదున్నరకు కానింగ్టన్‌లో మా ఇంటినుంచి బయలుదేరాం. శుభమా అని గడప దాటుతున్నవాళ్లను వెనకనుంచి పిలవకూడదని, ఎక్కడికి అని అడగకూడదని నా జన్మంతా ఇంట్లో నేర్పినదాన్ని. ఆ రోజు కూడా వంటగదిలో నీళ్ల క్యాను మర్చిపోతే, పిలవకుండా నేనే మోసుకుంటూ వచ్చి కారు ముందు నిలబడ్డాను. ఈ మాట గుర్తుంచుకోండి. అర్మడేల్ దాకా ఆల్బనీ హైవే మీద ఇరవై నిమిషాలు. అక్కడ పెట్రోలు పోయించుకోండి, ముందుకెళితే దొరకదు. కొండ ఎక్కాక ఎడమవైపు ఎర్రమట్టి రోడ్డు, రెండు గేట్లు. తెరిచిన గేటు మళ్లీ మూయాలి. ఇంటినుంచి మొత్తం గంట సేపు. పోటీకి మనిషికి పదిహేను డాలర్లు, చూడటానికి ఏమీ ఇవ్వక్కర్లేదు. కారు దిగగానే వెడల్పు టోపీ పెట్టుకున్న పొడుగాటి ముసలాయన నా దగ్గరికొచ్చి, "హౌ యా గోయింగ్?" అన్నాడు. గోయింగ్ అంటే పోవడమని నాకు తెలుసు. అప్పుడే వచ్చిన మనిషిని పోవడం గురించి అడగడమేమిటని ఒళ్లు మండింది. "కార్" అని చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా తలూపి, "గుడ్ వే టు గో" అన్నాడు. ఆయనే కెన్. అది క్షేమం అడగడమని రమణ తర్వాత చెప్పాడు.

అక్కడ మూడువైపులా ఎత్తుగా మట్టికట్ట పోసిన గదుల్లాంటి చోట్లు ఉంటాయి. గది గదికీ ఒక ఆట. అందరినీ నిలబెట్టి పద్మ నియమాలు చెప్పింది. పిలిచేదాకా పిస్తోలు ఒరలోనో సంచిలోనో ఉండాలి. చేతికొచ్చాక దాని మూతి ఎప్పుడూ ఎదుటి కట్టవైపే చూడాలి. రెండు పక్కలా ఎర్రజెండాలు ఉంటాయి, మూతి ఆ జెండా దాటిందంటే ఆ రోజుకి ఆ మనిషి ఆట సరి. ఎవరైనా సరే, ఎందుకైనా సరే. తర్వాత పేర్లు చదివింది. పెళ్లైన ఆరేళ్లలో ఏమండీ తప్ప ఇంకో మాటతో మొగుణ్ణి పిలవని పిల్ల, అంతమందిలో గొంతెత్తి "రమణ" అంది. నేను ఉలిక్కిపడ్డాను. అతను మాత్రం క్లాసులో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

నాక్కూడా పని ఇచ్చారు. ఒకరు కాల్చడం అయ్యాక, చిల్లులు లెక్కపెట్టుకుని, ఆ చిల్లులమీద గుండ్రటి కాగితపు బిళ్లలు అతికించాలి. అప్పుడు ఆ అట్ట తర్వాతివాళ్లకు కొత్తగా ఉంటుంది. అచ్చం బొట్టుబిళ్లలే. "రేంజ్ ఈజ్ క్లియర్", అంటే ఇక ఎవరూ కాల్చడం లేదని, కేక వినపడేదాకా గీత దాటకూడదని పద్మ నాతో పదిసార్లు అనిపించింది. ఆ మూడు ముక్కలూ నాకు ఇప్పటికీ వస్తాయి. చెవులకు మూతలు పెట్టుకుని, బిళ్లల చుట్ట చేతికి తగిలించుకుని మొదటి రెండు ఆటలకూ నేనే బొట్లు పెట్టాను. టీ వేళకు పొయ్యి దగ్గరికి వెళితే మార్గరెట్ అని నా ఈడు ఆవిడ రేకుమీద ఉల్లిపాయలు వేయిస్తోంది. మనిషి వేళ్లంత మందంగా తరిగింది. కత్తి తీసుకుని సన్నగా తరిగి చూపించాను. ఆవిడ రెండూ రుచి చూసి, తరిగే పనంతా నాకే అప్పగించి కుర్చీలో కూర్చుంది. బ్రెడ్డుముక్కలో సాసేజీ, ఉల్లిపాయ పెట్టి రెండు డాలర్లు. కారం అడక్కండి, ఉండదు. ఇంటినుంచి తీసుకెళ్లండి.

పదిన్నరకు మూడో ఆట మొదలైంది. అప్పటికి ఆ జట్టులో రమణదే పైచెయ్యి అన్నారు. ఆ ఆట చూడాల్సిన ఆఫీసరు, రమణ తర్వాత వంతు తనదే కావడంతో సిద్ధమవడానికి వెళితే, ఎంతసేపట్లో కాల్చారో లెక్కపెట్టే టైము పెట్టె పద్మ చేతికొచ్చింది. ఆమె వెనక రెండడుగుల్లో కెన్. రమణ చెవులకున్నవి మామూలు మూతలు కావు. ఆఫీసువాళ్లు ఆ ఏడాది చాకిరీకి ఇచ్చిన బోనస్‌తో కొనుక్కున్నవి. పేలుడు ఆపేస్తాయి, మనిషి మాట మాత్రం చెవిలో చెప్పినట్టు వినిపిస్తాయి. నా చెవులకున్నవి మామూలువి. అందుకే నేను మాట్లాడితే ఊరంతా వినపడేది, నాకు తెలియదు. "లోడ్ అండ్ మేక్ రెడీ" అంది పద్మ. అతను పిస్తోలు బయటికి తీసి గుళ్లు ఎక్కించాడు. అప్పుడు చూశాను, అతని కుడి బూటు తాడు విడిపోయి నేలమీద పడి ఉంది. ఇంక పరిగెత్తబోతున్నాడు. తుపాకీ చేతిలో పట్టుకుని ఆ తాడు కాలికి చుట్టుకుని బోర్లా పడితే? ఉండబట్టలేకపోయాను. "రమణ బాబూ, బూటు తాడు" అని అరిచాను.

మా అల్లుడు పెద్దలు పిలిస్తే వీపు చూపించి పలికే మనిషి కాదు. ఆ పెంపకం అలాంటిది. "ఏంటత్తయ్యా" అంటూ ఒళ్లంతా నావైపు తిరిగాడు. చేతిలో ఉన్నదీ అతనితోపాటు తిరిగింది. జెండా దాటింది.

"స్టాప్" అంది పద్మ. పెద్దగా అరవలేదు. కానీ ఆ గొంతు నేను కన్న పిల్లదని నాకు తెలియలేదు. అతను రాయిలా ఆగి, మెల్లగా కట్టవైపు తిరిగి, ఆమె ఒక్కొక్క మాటా చెబుతుంటే గుళ్లు తీసి, ఖాళీ చూపించి, ఒరలో పెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను గీతదాకా వెళ్లిపోయాను.

"పిలిచింది నేనే. తప్పు నాది. నన్ను పంపెయ్, వెళ్లి కార్లో కూర్చుంటా" అన్నాను.

జట్టులోవాళ్లు కూడా అతనివైపే ఉన్నారు. ఎర్రగడ్డం ఉన్న ఒకాయన, "అత్తగారు అరిస్తే నేనైతే కొండ దిగేదాకా పరిగెత్తేవాణ్ణి. ఇంకో అవకాశం ఇచ్చెయ్ పద్మా" అన్నాడట. అందరూ నవ్వారు. పద్మ కెన్‌వైపు చూసింది. "యువర్ కాల్, లవ్", అంటే నిర్ణయం నీదే అని, ఆయన మెడ వెనక గోక్కుంటూ చెట్లవైపు చూశాడు. సాయం చెయ్యడం ఆయనకు ఇష్టం లేదో, చెయ్యకూడదో నాకు తెలియదు.

"అమ్మా, పిలిచింది నువ్వే, కాదనను. తిప్పింది ఆయన. నేను చూడాల్సింది చేతిలో ఉన్నదాన్నే" అంది. తర్వాత మొగుడివైపు తిరిగి, అందరికీ చెప్పిన గొంతుతోనే, "షూటర్, మ్యాచ్ డిస్క్వాలిఫికేషన్" అంది. ఆ పెద్ద మాటకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయించను. మొగుడు, మర్యాద, అంతస్తు, అన్నీ వచ్చాయి. ఉగాది రోజు మీరు అన్నవన్నీ అందరికంటే ముందు నేనే అన్నాను. పద్మ మాత్రం తర్వాతి పేరు చదివింది.

పంపేసినవాళ్లు మామూలుగా సామాను సర్దుకుని ఇంటికి వెళ్లిపోతారట. రమణ పిస్తోలు సంచిలో పెట్టి, తాళం వేసి, కారులో పెట్టి, బూటు తాడు కట్టుకుని తిరిగొచ్చాడు. నా చేతికున్న బిళ్లల చుట్టలో సగం చింపుకున్నాడు. మూడు గంటలదాకా ఇద్దరం పక్కపక్కన అట్టలకు బొట్లు పెట్టాం. 

"నేను పిలవకపోతే బాగుండేది నాయనా" అన్నాను చివరికి.

"తాడు చూసుకోకపోవడం నా తప్పు, తిరగడం ఇంకో తప్పు. రెండూ నావే అత్తయ్యా. మీకు మిగిలింది కేకే. అయినా మీ బొట్టు వంకర వెళ్తోంది, చూసుకోండి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే మా ఊరి మిరపచేను గుర్తొచ్చింది. ఒక ఏడు నా తోడికోడలు పొద్దెక్కి కోతకు వస్తుంటే, మనదేలే అని చూసీచూడనట్టు ఊరుకున్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మర్నాటినుంచి నేను కేకేస్తే పనివాళ్లు తలెత్తడం మానేశారు. తర్వాతి కోతకు సగంమంది ఇంకో మేస్త్రీ వెంట వెళ్లారు. ఆ సంగతి నా కూతురికి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే దానికి తెలిసింది.

నాలుగింటికి కొయ్యలన్నీ పీకి, గుళ్ల డొల్లలు ఏరి, గెలిచినవాళ్ల పేర్లు చదివాక కెన్ పద్మ కాగితం తీసుకుని కారు ముందుభాగం మీద పెట్టుకుని రాశాడు. అక్షరాలు రానిదాన్నేగానీ, సంతకం ఏదో గుర్తుపడతాను. అది కాగితం కింద, కుడివైపు, తోక సాగదీసి పడింది. ఆయన టోపీ తీసి నాతో ఏదో అన్నాడు. "మీ అమ్మాయి దగ్గర కాల్చడానికి నాకు భయం లేదు అంటున్నారు" అని రమణ చెప్పాడు. తిరుగుదారిలో మొదటి గేటు తెరవడానికి అతను దిగబోతుంటే, పద్మ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ, "ఏమండీ, కోపమా?" అంది. "గేటు తాళంచెవి నీదగ్గరే ఉంది, ఇస్తే తీస్తాను" అన్నాడు. తాళంచెవి చేతులు మారుతుంటే ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వెనక సీట్లో నేను నిద్రపోతున్నట్టు ఉన్నాను.

ఆ రోజు ఆ మాట అనకుండా పద్మ ఊరుకుని ఉంటే ఏమయ్యేదని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. బహుశా ఏమీ అయ్యేది కాదు. రమణ గెలిచేవాడు కూడా. కానీ ఆ ఇరవైమూడు మందిలో ఒక్కరైనా, మరో ఆదివారం, ఎర్రజెండా దగ్గర మూతి కొంచెం తిరిగినప్పుడు, ఇది మనుషుల్ని చూసి పలికే నియమంలే అనుకునేవాళ్లు. అల్లుడి మర్యాద ఎక్కడికీ పోలేదు, ఇదిగో నా పక్కనే కూర్చుని ఈ ముక్క కొడుతున్నాడు. మీరు వెళ్లాలనుకుంటే టోపీ, నీళ్లు, కారం తీసుకెళ్లండి. అన్నిటికంటే ముఖ్యంగా, గీతమీద నిలబడ్డ మనిషిని బూటు తాడు విడిపోయినా, టోపీ ఎగిరిపోయినా వెనకనుంచి పిలవకండి, పక్కనున్న ఆఫీసరుకు చెయ్యి చూపించండి. నేనైతే ఇప్పుడు అంతదాకా రానివ్వను. ఆదివారం పొద్దున్నే మా అల్లుడు గడప దాటకముందే రెండు బూట్ల తాళ్లూ లాగి చూస్తాను. ఎదురుగా కూర్చుని.