గడగడమ్మ తెరిచిన ద్వారం

ఆఫీసులో ఆమెను అందరూ గడగడమ్మ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే అనేవారు. ఆమె కూడా నవ్వేసేది. ఎదుటి మనిషి "నిన్న పంపిన ఫైలు..." అని నోరు తెరిస్తే చాలు, "చేరలేదు కదా? పేరు మధ్యలో ఖాళీ వదిలారు. మళ్లీ పంపండి, వెళ్లిపోతుంది" అని ఆ మాట తానే పూర్తిచేసి పంపించేసేది. చాలాసార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది కూడా. అదే వచ్చిన చిక్కు. ఎప్పుడూ తప్పు చెప్పే మనిషికి పక్కవాళ్లు అడ్డం పడతారు. ఎప్పుడూ ఒప్పు చెప్పే మనిషిని ఆపేదెవరు?

ఒక పరిశోధన సంస్థలో కంప్యూటర్ గది ఆమె చేతిలో ఉండేది. మెట్ల కింద గది. ఏసీ నుంచి కారే నీళ్లకు ఒక ప్లాస్టిక్ బకెట్, కూతపెట్టే మోడెం, టేబుళ్ల కింద కాళ్లకు చుట్టుకునే తీగలు. బయటి ఊళ్లతో మాట్లాడే ఫోను ఆ అంతస్తు మొత్తానికీ ఆ గదిలోనే ఉండేది. డైరెక్టర్ గారు కూడా చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, నిలబడే మాట్లాడి పోవాలి. టైపిస్టుగా చేరి, మాన్యువళ్లు నమిలి మింగి, ఆ గదికి పెద్ద దిక్కయింది గడగడమ్మ. యంత్రాలంటే ఆమెకు భయం లేదు. భయపడేవాళ్లంటే మాత్రం ఒళ్లు మంట.

ఆమెకు ఒక్కడే అన్నయ్య. ఆఫీసుకు ఎదురుగా, బట్టల ఇస్త్రీ కొట్టుకీ కళ్లజోళ్ల షాపుకీ మధ్య ఇరుకు గదిలో గడియారాలు బాగుచేసేవాడు. పనిలో దిట్ట. మనిషి నిదానం. చిన్నప్పటి నుంచీ నత్తి. మాట మొదట్లో ఎక్కడో గొళ్లెం పడిపోయేది. ఆ గొళ్లెం తీసుకోవడానికి అతనికి కాస్త సమయం కావాలి, అంతే. ఆ కాస్త సమయమే ఈ లోకంలో ఎవరి దగ్గరా ఉండేది కాదు.

అందరికంటే తక్కువగా ఉండేది చెల్లెలి దగ్గర. ఆమె చురుకుదనం చూసి మాస్టర్లు ఒక తరగతి ఎక్కించేస్తే, వెళ్లి అన్నయ్య తరగతిలోనే కూర్చుంది. అప్పటి నుంచి హాజరు పిలిస్తే రెండు పేర్లకూ ఒక్క గొంతే పలికేది. డాక్టరు దగ్గర అతని కడుపునొప్పి ఆమె చెప్పేది. షాపు అద్దెకు తీసుకునేటప్పుడు బేరం ఆమె ఆడింది. చివరికి పెళ్లి మాటలు కూడా ఆమే మాట్లాడింది. వదిన ఇప్పటికీ అంటుంది: "పెళ్లికి ముందు నాతో మాట్లాడిందంతా నువ్వే కదమ్మా. తీరా వచ్చి చూస్తే, చేసుకున్నది ఈయన్ని!"

ఇదంతా ఆమె ప్రేమతోనే చేసింది. అన్నయ్యను ఎవడైనా వెక్కిరిస్తే వాడి అంతు చూసేదాకా నిద్రపోయేది కాదు. అతనికి ఇది ఇష్టమో కాదో ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగినా, జవాబు కూడా తానే చెప్పేసేది.

అలాంటి అన్నయ్య ఒక్కచోట మాత్రం తనివితీరా మాట్లాడేవాడు. నత్తి ఉన్నవాళ్ల మెయిలింగ్ లిస్టు ఒకటి ఉండేది. ఒక చిరునామాకు ఉత్తరం రాస్తే, సభ్యులందరి పెట్టెల్లోకీ తలా ఒక ప్రతి వెళ్తుంది. వేరే ఊరిలో ఒక లైబ్రేరియన్ దాన్ని నడిపేవాడు. అతనికీ నత్తే. గడగడమ్మే అన్నయ్యను అందులో చేర్చి, మధ్యాహ్నం భోజనాల వేళ తన గదిలో ఖాళీగా ఉండే కంప్యూటరు ఇచ్చేది. ఇంట్లో ఉప్పు అందుకోమనడానికి చేయి చూపించే మనిషి, అక్కడ పేజీలకు పేజీలు రాసేవాడు. జోకులేసేవాడు. ఒకసారి పెద్ద గొడవే పెట్టుకుని, మర్నాడు తనే రాజీకి వచ్చాడు. మొదటిసారి అవన్నీ చదివినప్పుడు చెల్లెలు తెల్లబోయింది. తన అన్నయ్యకు ఇంత వెటకారం ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

అయితే లిస్టు నాలుగ్గోడల మధ్య గది లాంటిది. ఉన్నవాళ్లే ఉంటారు, చెప్పుకున్నవే చెప్పుకుంటారు. బయట ఇదే విషయం మీద ఒక న్యూస్‌గ్రూపు ఉండేది. అది నాలుగు రోడ్ల కూడలిలో గోడ. దారిన పోయే ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా తమ చీటీ అంటించొచ్చు. ఆ గోడ కూడా ఒక్కచోట ఉండదు. ఒక ఊరిలో చీటీ అంటిస్తే, ఊరూరా ఉన్న యంత్రాలు దాన్ని ఒకదాని నుంచి ఒకటి నకలు తీసుకుంటాయి. పిల్లలకు నత్తి వచ్చిందని బెంగపడే తల్లిదండ్రులు అక్కడ ప్రశ్నలు అడిగేవాళ్లు. తెలిసినవాళ్లు లిస్టులో ఉంటే, అడిగేవాళ్లు గోడ దగ్గర ఉండేవాళ్లు. ఈ రెంటినీ కలిపితే బాగుండునని లిస్టులో మాట వచ్చింది. కలపడమంటే మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాము పెట్టడం. ఇటు ఉత్తరాన్ని అటు అంటిస్తుంది, అటు చీటీని ఇటు పంచుతుంది. సభ్యులు దాన్ని 'ద్వారం' అన్నారు.

లైబ్రేరియన్ దాని గురించి ఒక ఉత్తరం రాశాడు. మనిషి మాటల్లాగే ఉత్తరం కూడా నిదానం. గడగడమ్మ మొదటి రెండు వాక్యాలు చదివింది. 'ద్వారం ఎవరైనా కట్టాలి' అన్నది అర్థమైపోయింది. మిగతాది అలవాటు ప్రకారం తానే పూర్తిచేసుకుని, కొంగు నడుముకు దోపుకుంది. ఆ పనిలో ఆమెకు ఎదురు లేదు. దాటిన ప్రతి ఉత్తరానికీ ఒక గుర్తు వేసి, గుర్తున్న ఉత్తరం మళ్లీ వస్తే వెనక్కి నెట్టేలా చక్కగా కట్టింది. కట్టి, లిస్టులో ప్రకటించింది: "ద్వారం తెరిచాను. ఇంకెందుకు ఆలస్యం? రాయండి!"

అన్నయ్య మాత్రం ముందు మొహం తిప్పుకున్నాడు. ఇంట్లో మాట వేరు, కూడలిలో మాట వేరు. చెల్లెలు బతిమాలింది, బెదిరించింది. కొన్నాళ్లు ఆలోచించి, ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుని, కొట్టేస్తూ మళ్లీ రాస్తూ, చివరికి పంపాడు. "నేను గడియారాలు బాగుచేస్తాను. నాకు నత్తి. బయటివాళ్ల ముందు నేను మాట్లాడటం ఇదే మొదటిసారి." కింద, నత్తి ఉన్న పిల్లలతో ఎలా మసలుకోవాలో తనకు తెలిసిన సంగతులు నాలుగు.

ఉత్తరం దాటింది. గోడ మీద కనిపించింది. చెల్లెలు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగకముందే అదే ఉత్తరం మళ్లీ కనిపించింది. ఆపైన మళ్లీ. చూస్తుండగానే తెర నిండిపోయింది. "ఇదే మొదటిసారి", "ఇదే మొదటిసారి", "ఇదే మొదటిసారి". లిస్టులో అందరి పెట్టెలూ అదే ఉత్తరంతో పొంగిపోతున్నాయి. గోడ దగ్గర ఎవడో ఒక కొంటెవాడు అప్పుడే చీటీ అంటించాడు: "అయ్యా, మీ మొదటిసారి ఎన్నిసార్లండీ?"

అన్నయ్య ముఖం పాలిపోయింది. జీవితమంతా ఏ ఒక్కదానికి నవ్వులపాలయ్యాడో, యంత్రం సరిగ్గా అదే అతని చేత లోకం ముందు చేయిస్తోంది. గడగడమ్మ కీబోర్డు మీద పడింది. క్షణంలో తన ద్వారం మూసేసింది. ఉత్తరాలు ఆగలేదు! తనది కాకపోతే ఇంకెవరిది? అప్పుడు తీసింది లైబ్రేరియన్ ఉత్తరం. ఈసారి చివరిదాకా చదివింది. చివర్లో ఉంది అసలు సంగతి: "ద్వారం నేనే కడుతున్నాను. పదిహేనో తారీఖు మధ్యాహ్నం పరీక్ష కోసం తెరుస్తాను గానీ, గుర్తు వేసే పని అప్పటికి ఇంకా మిగిలే ఉంటుంది. తెరిచాక, నేను చెప్పేదాకా దయచేసి ఎవరూ ఏమీ రాయవద్దు, ఆగండి."

ఆ తారీఖు ఇవాళే. ఆగమన్నాడు మహానుభావుడు. ఆమె అందరినీ రాయండని తరిమింది. ఇప్పుడు ఆ గుర్తులేని ద్వారం, తాను దాటించిన ఉత్తరాన్నే కొత్తదనుకుని మళ్లీ మళ్లీ దాటిస్తోంది. దాన్ని ఆపడం అతనొక్కడి వల్లే అవుతుంది. అతనికి మెయిలు పంపుదామా అంటే, అది ఆ నకళ్లన్నిటి వెనకా వరసలో నిలబడాలి. ఇంతలో గోడల బాగోగులు చూసే పెద్దల నుంచి ఘాటుగా హెచ్చరిక వచ్చింది. సాయంత్రంలోగా ఇది ఆగకపోతే ఆ లిస్టు నడిచే యంత్రాన్నే నెట్‌వర్కు నుంచి తెంచేస్తామని. అంటే అన్నయ్యకున్న ఒక్క చోటూ పోయినట్టే.

అన్నయ్య ఆ హెచ్చరిక చదివాడు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నువ్వేం బెంగపడకు అన్నయ్యా, నేనున్నాను కదా!" అంటూ ఆమె అల్మారాలోంచి గ్రంథాలయాల డైరెక్టరీ లాగి, నంబరు పట్టి, డయల్ చేసింది. అవతల ఎత్తారు.

"హలో! లైబ్రేరియన్ గారాండీ? హలో? హలో!" ఏ చప్పుడూ లేదు. విసురుగా పెట్టేసింది. "పాడు లైను!" మళ్లీ చేసింది. మళ్లీ ఎత్తారు. మళ్లీ నిశ్శబ్దం. "హలో, వినపడుతోందా? హలో!" మళ్లీ పెట్టేసింది. మూడోసారి రిసీవరు అందుకోబోతుంటే, అన్నయ్య లేచి వచ్చి ఆమె చేతి మీద చేయి వేశాడు.

"లై... లైను బాగానే ఉంది," అన్నాడు. "అ... అతను మాట్లాడుతున్నాడు. నువ్వే పె... పెట్టేస్తున్నావు."

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. అవతలి మనిషి నత్తివాడని ఆమెకు తెలుసు. అతని లిస్టులోనే అన్నయ్యను చేర్చింది తానే. తెలిసి కూడా రెండుసార్లు మొహం మీదే ఫోను పెట్టేసింది. అతను ఫోను పట్టుకుని 'హలో' అనే మాట కోసం ఎంత అవస్థ పడుతున్నాడో ఆమెకు తట్టనేలేదు. ఇవతల పక్కనే ఉన్న అన్నయ్యకు తట్టింది.

అన్నయ్య ఫోను ముట్టడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. షాపులో ఫోను మోగితే పక్క ఇస్త్రీ కొట్టాయన పరుగెత్తుకొచ్చి తీయాల్సిందే. ఆ మనిషి ఇప్పుడు తానే నంబరు తిప్పాడు. అవతల ఎత్తారు. ఇతను ఏమీ అనలేదు. హలో అని కూడా అనలేదు. రిసీవరు చెవికి ఆనించుకుని, షాపులో పాత గడియారం తెరిచి లోపలికి చూస్తున్నప్పుడు ఉండే ముఖంతో, ఊరికే విన్నాడు. చాలాసేపటికి అవతలి నుంచి ఒక గొంతు వచ్చినట్టుంది. అతని పెదవుల మీద నవ్వు కదిలింది.

"అ... అవునండీ. నేనే," అన్నాడు. "గ... గడియారాల... అవును."

తర్వాత అసలు మాట చెప్పబోయాడు. "మీ... మీ... ద్... ద్..."

గొళ్లెం పడిపోయింది. మెడ నరాలు బిగిశాయి. కళ్లు మూసుకున్నాడు. మాట చెల్లెలి నాలుక చివరే ఉంది. ఒక్క మాట! రిసీవరు లాక్కుని చెప్పేస్తే అయిపోతుంది, లిస్టు బతుకుతుంది. ఇన్నేళ్లూ చేసిన పనే. ఆమె చేయి ముందుకు వెళ్లింది కూడా. వెళ్లిన చేతిని వెనక్కి లాక్కుని, చీర కొంగు గట్టిగా నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ద్వారం," అన్నాడు అన్నయ్య. "ద్వారం మూసేయండి. ఉ... ఉత్తరాలు చుట్టూ తిరుగుతున్నాయి."

అవతలి మనిషి ఏదో చెప్పసాగాడు. ఇతను తొందరపెట్టలేదు. ఊ కొట్టలేదు, మాట అందివ్వలేదు. వాళ్లిద్దరి మధ్యా ఉన్న మౌనం ఖాళీగా లేదని, అందులో పని జరుగుతోందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ తెలివి ఇంత ఆలస్యంగా వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

తెర మీద ఇంకో నకలు వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. ఆపైన రాలేదు. ఆమె తెర వైపే చూస్తూ ఉండిపోయింది. గోడ కదల్లేదు. కింద ఒక కొత్త చీటీ మాత్రం వచ్చి చేరింది. ఎవరో తల్లి రాసింది: "మీరు చెప్పిన రెండో సంగతి గురించి ఇంకా వివరంగా చెబుతారా? మా పాపకు ఏడేళ్లు."

ఆమె అన్నయ్య భుజం తట్టి తెర చూపించింది. అతను చూశాడు, తల ఊపాడు, ఫోను మాత్రం పెట్టలేదు. ఉత్తరాల పని అయిపోయింది గానీ మాటలు అవలేదు. ఇద్దరూ ఇన్నాళ్లూ ఒకరికొకరు రాసుకున్నవాళ్లే. గొంతులు వినడం ఇప్పుడే. అవతల ఏమన్నాడో, అన్నయ్య గట్టిగా నవ్వాడు. తర్వాత తానేదో చెప్పబోయి మళ్లీ ఆగిపోయాడు.

అప్పుడు డైరెక్టర్ గారు చెప్పులు విడిచి లోపలికొచ్చారు.

"అమ్మా, ఆ ఫోను కాస్త ఖాళీ చేయించు. నాకు అర్జెంటు."

"మా అన్నయ్య మాట్లాడుతున్నాడు సార్," అంది గడగడమ్మ.

ఆయన అటు చూశారు. గోడవైపు తిరిగి, రిసీవరు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్క శబ్దం కూడా లేకుండా నిలబడి ఉన్నాడొక మనిషి.

"ఏం మాట్లాడటం లేదే?"

"మాట్లాడుతున్నాడు సార్," అంది ఆమె, ఆయనకు కుర్చీ జరిపి. "కూర్చోండి. అయ్యేదాకా ఆగుదాం."