అత్తమ్మ వెతికిన ట్యాంకు పట్టీలు

నేను బాగు చేసుకుంటున్న పాత మిలిటరీ జీపుకు కొత్త పెట్రోల్ ట్యాంకు వచ్చింది. అచ్చం పాతదాని నమూనాలోనే చేశారు. డ్రైవర్ సీటు కింద దాన్ని కూర్చోబెట్టి ఇనుప బెల్టులు బిగించాలి. ట్యాంకు ఒరుసుకుపోకుండా బెల్టుల కింద మెత్తటి ఫెల్ట్ గుడ్డ పట్టీలు ఉండాలి. పొద్దున చూస్తే ఆ పట్టీలు లేవు.

మేడిపల్లి నుంచి వచ్చిన మా అత్తమ్మ నిన్న షెడ్డు ఊడ్చింది. ఇంకేముంది, ఆమె మీద విరుచుకుపడ్డాను.

“నా సామాన్ల జోలికి నిన్నెవరు పొమ్మన్నరు అత్తమ్మా? గవి మళ్ల ఏడ దొరుకుతయి?”

ఆమె గబగబా బయటికి వెళ్లిపోయింది.

కాసేపటికి బెల్టు తిప్పి చూశాను. పట్టీ లోపలి వైపు అంటుకుని ఉంది. రెండోదానికీ అంతే. మొన్న గమ్ము పూసి అంటించింది నేనే!

అత్తమ్మ ఇంట్లో లేదు. వీధి చివర చెత్తకుప్ప దగ్గర, కొంగు బొడ్లో దోపుకుని, చేతులతో కవర్లు విప్పి చూస్తోంది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

“దొరికినయి అత్తమ్మా. నా దగ్గర్నే ఉన్నయి. నేనే మర్చిపోయిన.”

“దొరికినయా? మంచిగైంది బిడ్డా. నేనే పారేసిన్నేమోనని పానమంత కొట్టుకున్నది” అని నవ్వింది.

తిట్టినా బాగుండేది. ఆమె చేతులు కడుక్కుంటుంటే నీళ్లు పోశాను కానీ, తప్పయిందని మాత్రం అనలేదు. కోరుట్లలో సగం మంది చదివే ఈ గ్రూపులో ఇదంతా రాయగలుగుతున్నాను, వంటింట్లో ఉన్న ఆమెతో అనలేకపోతున్నాను.

మీలో ఎవరైనా అత్తగారికి క్షమాపణ చెప్పి ఉంటే, మొదటి మాట ఏమన్నారో కాస్త చెప్పండి.