మూడు గళ్ల ఇంటిపేరు

మా ఇంట్లో గర్వానికి కొదవ లేదు, మిగతావాటికే కొదవ. ఆ గర్వమంతా ఒక్క మాట మీద నిలబడింది. తంజావూరు దిక్కున పుట్టి, ఇంటింటా పాడుకునే కీర్తనలు కట్టిన ఆ వాగ్గేయకారుడిదీ మాదీ ఒకటే ఇంటిపేరని మా తాత చెప్పాడు, మా నాయన నమ్మాడు. ఎప్పుడో కరువులో మా వంశంలో ఒకాయన బండి కట్టుకుని దక్షిణానికి పోయాడట. పోయినవాడు తిరిగి రాలేదు కాబట్టి, ఆయన మనవడో మునిమనవడో అక్కడ పాటలు కట్టి ఉంటాడని మావాళ్లే తేల్చేశారు. కడపలో ఎవరూ కాదనలేదు.

ఆ మాట వల్ల మాకు రెండు దక్కాయి. ఏటా పుష్యమాసంలో రాములవారి గుళ్లో ఆయన ఆరాధన జరిగినప్పుడు మొదటి తాంబూలం నాయనకే ఇచ్చేవారు. రెండోది నా పాట. నాయన తల్లి, మా జేజి, ఆడపిల్ల నలుగురిలో కూర్చుని పాడటానికి ఒప్పుకునే మనిషి కాదు. "తంబూరా పట్టుకోని గుళ్లో కూర్చుంటే జనం ఏమంటారురా?" అనేది. "ఆయన మన ఇంటాయనమ్మా. మనింటి పాట మన పిల్ల పాడితే తప్పేముండాది?" అని నాయన ఆమె నోరు మూయించేవాడు. అట్లా పన్నెండో ఏటికే ఆరాధనలో మొదటి కీర్తన నాదయింది. పాట తప్ప నాకు లోకంలో ఇంకేదీ పట్టేది కాదు. ఇంటిపేరు పోతే పాటా పోతుందని మాత్రం నాకు తెలుసు.

నాయన తాలూకా కచేరీలో గుమాస్తా. సాయంత్రమైతే రీడింగు రూము చేరేవాడు. అవి యుద్ధం రోజులు. అందరూ యుద్ధం వార్తలకని వచ్చి, మద్రాసు వారపత్రికలో గళ్ల పజిలు దగ్గర ఆగిపోయేవారు. అడ్డం కొన్ని మాటలు, నిలువు కొన్ని మాటలు, గడికో అక్షరం. తలా ఒక మాట చెబుతుంటే కలం మాత్రం నాయన చేతిలో ఉండేది. నేను ఆయన్ను అన్నానికి పిలవడానికి పోయిన ఒక సాయంత్రం అడ్డం ఆధారాల్లో ఆ వాగ్గేయకారుడి ఇంటిపేరు అడిగారు. మూడక్షరాలు.

"ఈ గడి మాదప్పా, ఎవరూ నోరెత్తొద్దు" అని నాయన మా ఇంటిపేరు సిరాతో రాసేశాడు. మూడు గళ్లలో ఒద్దికగా కూర్చుంది. చిక్కు నిలువులో వచ్చింది. ఆ మొదటి అక్షరం నుంచే కిందికి దిగే మాటకు ఆధారం ఇదీ: ఇంటి మీద అరిస్తే చుట్టాలొస్తారు, రెండక్షరాలు. చంటిపిల్లను అడిగినా కాకి అని చెబుతుంది. మా ఇంటిపేరేమో 'పి'తో మొదలవుతుంది. నాయన కాసేపు కలం కొరికి, 'పిల్లి' అని రాశాడు.

"కాకి గదా నాయనా?" అన్నాను.

"పిల్లి మాత్రం అరవదా?"

"అరిస్తే చుట్టాలొస్తారా సామీ?" అని వెనక నుంచి ఒక ప్లీడరు అడిగాడు.

"మా ఇంటికి వస్తారప్పా!"

అందరూ నవ్వారు, నాయనా నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. కాకి ఒప్పయితే మేం తప్పు అని అక్కడే అర్థమయింది.

ఆరాధనకు కొద్దిరోజుల ముందు జవాబులు అచ్చయి వచ్చాయి. ప్లీడరు పనిగట్టుకుని గట్టిగా చదివాడు. నిలువు కాకే, అడ్డం ఇంటిపేరు 'కా'తో మొదలయ్యే ఇంకోటి. పత్రికవాళ్లే తప్పుగా అచ్చేశారేమోనని నాయన నాకు పాట నేర్పే పిడేలు పంతులు దగ్గరికి పోయాడు. ఆయన నేల చూస్తూ, "నాకు ముందునుంచీ తెలుసు. మీరు సంతోషంగా ఉండారు గదా అని ఊరకుంటి" అన్నాడు. ఇన్నేళ్లూ ఊళ్లో ఇంకెంతమంది అట్లా ఊరకున్నారో! తప్పు బయటపడినందుకు కాదు, వాళ్లు మమ్మల్ని పసిపిల్లల్లా ముద్దు చేసినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

బజారులో పిల్లలు మమ్మల్ని చూసి మ్యావుమనేవారు. "మన పాట గాదంట గదా, ఇంగ చాలు. తంబూరాకు గుడ్డ చుట్టి మూలబెట్టండి" అంది జేజి. నాయన పైపంచె భుజాన వేసుకుని కచేరీకి పోయాడు.

పోకపోతే ఇంకా నవ్వుతారని ఆ ఏడూ ఆరాధనకు పోయాం. ఈ ఒక్కసారికే అంటూ జేజి కూడా వచ్చింది. నేను తంబూరాతో ముందు కూర్చున్నాను. ఆరాధన జరిపించే పెద్దాయన తాంబూలం పళ్లెం పట్టుకుని నడిచి వచ్చాడు. ఏటా ఉన్న అలవాటుకొద్దీ, ఎవరూ పిలవకముందే నాయన లేచి, పైపంచె సర్దుకుని రెండు చేతులూ చాపాడు. పళ్లెం ఆయన ముందు నుంచి పోయి పిడేలు పంతులు దగ్గర ఆగింది. నాయన అట్లాగే నిలబడి ఉన్నాడు. కూర్చోవాలో బయటికి పోవాలో ఆయనకు తోచలేదు. కూర్చో నాయనా, కూర్చో అని లోలోపల అరిచాను. జాలితో కాదు. ఆయన నా తండ్రి అని అంతమందికీ తెలుస్తున్నందుకు.

పంతులు శ్రుతి ఇచ్చాడు. పాడాను. గొంతు ఎక్కడా తప్పలేదు. పాట అయ్యాక, కర్నూలు నుంచి కొత్తగా వచ్చిన మృదంగం ఆయన, మా సంగతేమీ ఎరగనివాడు, "శానా బాగా పాడింది. ఎవరింటి పిల్లప్పా?" అని అడిగాడు. అందరూ నాయన వైపు చూశారు. వేరే ఏడాదయితే నాయన ఇంటిపేరుతో ఎత్తుకుని తంజావూరు దాకా పోయేవాడు.

"నా కూతురు" అన్నాడు. అంతే.

ఇంటికి వస్తుంటే వెనక నుంచి నాయన జేజితో అంటున్నది వినబడింది. "ఆ ఇంటిపేరు మనది గాకపోయెనమ్మా. గొంతు మన పిల్లదే గదా. పాడనీ." జేజి ఏమీ అనలేదు. మా ఇంట్లో జేజి ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే.

నా పాట నాకు మిగిలింది. పరువు పోయిన మనిషి, నా కోసం ఇంకా తగ్గి అడిగి తెచ్చిపెట్టాడు. వెనక్కి తిరిగి ఆయన చెయ్యి పట్టుకోవాల్సింది. నేను మాత్రం వాళ్లకు ఎడంగా ముందు నడుస్తున్నాను, దారిన ఎవరైనా నవ్వితే ఆయన కూతురినని తెలియకూడదని. గడప దాకా అట్లాగే నడిచాను.