చేప తిన్న రోజు మాత్ర లేదు

మా ఆయనకూ నాకూ హెచ్.ఐ.వి. ఉంది. ఇంత సూటిగా రాశానని తెలిస్తే మా ఆడబిడ్డ గుండె ఆగిపోతుంది. ఆమె గొంతు తగ్గించి "అది" అంటుంది, అంతే. మా ఆయనకు అక్క, కోట అనే ఊళ్లో కాపురం. ప్రపంచంలోని రోగాలన్నిటికీ ఆమె దగ్గర వైద్యం ఉంది, చదువు తప్ప అన్నీ ఉన్నాయి.

ఆసుపత్రిలో మాకు చెప్పింది చిన్న సంగతి. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక మాత్ర, తప్పకుండా. చేపలు, గుడ్లు, ఆకుకూరలు బాగా తినండి, సారా, బీడీలు మానండి, కంటినిండా నిద్రపోండి. మా ఆయన సారా మానేశాడు, బీడీ మానేశాడు. సరస్సులో చేపల వేటకు పోయే మనిషికి అది ఆషామాషీ కాదు. ముఖానికి కళ వచ్చింది, ఒళ్లు చేశాడు.

అప్పుడు దిగింది మహాతల్లి. మా పులికాట్ ఒడ్డున పసరు మందు తాగినవాళ్లు పత్తెం ఉంటారు. చేప, పులుపు ముట్టరు, ముడితే మందు విషమవుతుందని నమ్మకం. కామెర్ల పసరుకు పెట్టే ఆ పత్తేన్ని ఈవిడ తెచ్చి ఆసుపత్రి మాత్రకు అంటగట్టింది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, అంత ఘాటు మందు మింగుతూ చేప తింటే పేగులు మాడిపోతాయని చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు.

సరస్సు మీద పుట్టిన మనిషి చేప మానగలడా? మానలేదు. మాత్ర మానాడు. నాకు తెలియకుండా, చేప తిన్న రోజు మాత్ర జోలికి పోలేదు, రెండూ కలిస్తే విషమట. మా ఇంట్లో చేప వండనిది ఒక్క శనివారమే. అంటే వారానికొక్క మాత్ర! ఆ అక్కాతమ్ముళ్ల తెలివికి దండం పెట్టాలి.

ఆయన రక్తపరీక్షలో వైరస్ మళ్లీ పెరిగిందని తేలాక, డాక్టరమ్మ గట్టిగా అడిగితే బయటపడింది. చేపకూ మాత్రకూ ఏ గొడవా లేదని, ఇలాగే మానుతూ పోతే ఈ మందు ఇక పనిచేయదని ఆమె చెప్పింది. నవ్వాలో తన్నాలో నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక మాత్రం భయం పట్టుకుంది, ఈయన పోతే నాకెవరున్నారు?

మరునాడు మధ్యాహ్నం ఆడబిడ్డ రానే వచ్చింది. మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టాను. ఆయన కంచం పక్కనే మాత్ర పెట్టాను.

"నా తమ్ముణ్ణి చంపబాకమ్మే" అంది ఆమె.

నేను నోరు తెరిచేలోపే ఆయన ముద్ద కలిపి ఆమె ముందుకు చెయ్యి చాచాడు.

"నువ్వు మాత్ర మింగడంలేదు గదక్కా, నీకు పత్తెం లేదు. ఒక ముద్ద తిను."

చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. ఇంటికాడ తినే వచ్చానంది.

ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ ముద్ద తనే తిన్నాడు. అక్క వైపు చూడకుండా నాతో అన్నాడు.

"నీళ్లియ్యి. మాత్రేసుకుంటా."