వాలిన కొవ్వొత్తి

పండగ ముందు నెలంతా వంపులత్తకి చేతినిండా పనే. తిన్నగా ఉన్న కొవ్వొత్తిని వేడినీళ్ళలో ముంచి, మెత్తబడగానే సీసా మెడకి ఆనించి మెల్లగా వంచాలి. తొందరపడితే పగులుతుంది, ఏమరితే సాగిపోతుంది. కార్ఖానాలో ఈ పని ఆవిడంత బాగా ఎవరికీ రాదు. వచ్చినందుకు ఆవిడ ఏనాడూ సంతోషించలేదు.

ఆ ఊళ్ళో పండగ సాయంత్రం ప్రతి గుమ్మంలోనూ వాలిన కొవ్వొత్తే వెలగాలి. దానికో కథ చెబుతారు. పూర్వం ఒక తల్లి, దూరం వెళ్ళిన కొడుకు కోసం గుమ్మంలో కొవ్వొత్తి వెలిగించి కూర్చుందట. కొడుకు రాగానే కొవ్వొత్తి తల వంచి స్వాగతం పలికిందట. పూర్వమట, పూర్వం! ఆ పూర్వం నాటికి వంపులత్త పెళ్ళీడు పిల్ల.

అసలు జరిగింది వేరు. పండగకి సరుకు అందదేమోనని, పని అయ్యేదాకా లోపలి పనిపిల్ల కదలకూడదని, పెద్ద యజమాని మైనం కాచే గదికి బయట తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి వెళ్ళాడు. లోపల ఉన్నది వంపులత్త చెల్లెలు. మైనానికి నిప్పంటుకుంది. ఇవతల కొవ్వొత్తులకి కాగితాలు చుడుతున్న అక్క తూకం రాయి తీసుకుని తలుపు బాదింది. "అక్కా, తలుపు తియ్యవే" అని లోపల్నించి చెల్లెలు అరిచింది. తర్వాత అరవలేదు.

పక్కగదిలో ఆరబెట్టిన కొవ్వొత్తులు గోడ వేడికి మెత్తబడి ఒకవైపుకి వాలిపోయాయి. పారెయ్యడానికి యజమానికి మనసొప్పలేదు. తల్లీకొడుకుల కథ అల్లి అమ్మేశాడు. మరుసటి ఏడు జనం వాలినవే కావాలన్నారు. చెల్లెలు పోయిన చోటే అక్క కొవ్వొత్తులు వంచడం మొదలుపెట్టింది. ఏం చేస్తుంది, కడుపు నిండాలిగా.

ఈ ఏడు పెద్దాయన కొడుకు, చిన్న యజమాని, కార్ఖానా ముందు గదిలో పండగ చరిత్ర చెప్పే బోర్డు పెట్టాలనుకున్నాడు. చదువుకున్నవాడు, కట్టుకథలంటే గిట్టదు. వంపులత్తని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"కథ వద్దత్తా, నాకు నిజం కావాలి. భయపడకుండా చెప్పు."

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిదంతా ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. అతను కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత రాస్తావో నీ ఇష్టం బాబూ. తాళం వేసుందన్న మాట మాత్రం ఉండాలి. అదొక్కటీ చాలు నాకు."

"తప్పకుండా అత్తా."

ఆ వారం ఆవిడ చేతిలో ఒక్క కొవ్వొత్తీ పగల్లేదు.

పండగనాడు బోర్డు మీది తెర తీశారు. ముందు గది కిటకిటలాడింది. వంపులత్తకి చదువు రాదు కనుక కూతురు చదివి వినిపించింది. తల్లీకొడుకుల కథ వట్టి కల్పన అని మొదటి వాక్యంలోనే ఉంది. వంపులత్త కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఇలా ఉంది: కార్ఖానాకి నిప్పంటుకున్నప్పుడు ఒక పనిపిల్ల, ఊరికి పండగ లేకుండా పోకూడదని, కొవ్వొత్తుల్ని కాపాడడానికి మంటల్లోకి వెళ్ళి ప్రాణమిచ్చింది. ఆ త్యాగానికి కొవ్వొత్తులే తల వంచాయి.

"తాళం సంగతేం రాశారు?"

"తాళమా? ఏమీ లేదే."

చిన్న యజమాని చేటంత మొహం చేసుకుని వచ్చాడు. "చూశావా అత్తా, మీ చెల్లెల్ని ఎంత ఎత్తున నిలబెట్టానో! తాళం మాట ఎందుకులే, పోయిన నాన్నగారికి మచ్చ. వచ్చే ఏడు మాత్రం రెండింతల సరుకు కావాలి మరి."

పాత అబద్ధమే నయం. అందులో చెల్లెలు లేదు. కొత్తదాంట్లో ఆ పిల్లనే పట్టుకొచ్చి, నా చావు నేనే కోరుకున్నానని దాని నోటితోనే చెప్పించారు. వంపులత్తకి ఒళ్ళు మండిపోయింది. అయినా పండగ పూట నలుగురిలో గొడవెందుకని కూతుర్ని తీసుకుని ఇంటికి వచ్చేసింది.

సాయంత్రం ఇంట్లో కూతురు గుమ్మంలో కొవ్వొత్తి వెలిగించింది.

"పిన్ని ఇంత గొప్పదని నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"అది మంటల్లోకి వెళ్ళలేదే. బయటికి రానివ్వలేదు. తాళం వేశారు. నేను తలుపు బాదుతూనే ఉన్నాను."

కూతురు అంతా విన్నది. తర్వాత తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇది ఇంకెవరికీ చెప్పకమ్మా. ఆ బోర్డు మీదున్నదే బాగుంది."

వంపులత్త వంగి కొవ్వొత్తి ఆర్పేసింది. కూతురు మళ్ళీ వెలిగించింది.