రించెన్ బిధా పాస్‌పోర్టు

భూటాన్ రాజధాని థింఫూలో, పాస్‌పోర్టు ఆఫీసు మెట్ల కింద తమలపాకులు అమ్మే ఛెవాంగ్ యూడెన్ చూపుడువేలి కొస ఎప్పుడు చూసినా సున్నంతో తెల్లగానే ఉంటుంది. ఆకు తుడిచి, సున్నం రాసి, పచ్చివక్క పెట్టి మడుస్తుంది. కొన్నవాడు నోట్లో వేసుకునేలోపు తానూ ఒకటి దవడన పెట్టేస్తుంది. ముప్పై ఏళ్ల కిందట ఆమె పేరు రించెన్ బిధా. దగ్గి దగ్గి నెత్తురు కక్కుతూ మంచాన పడితే, రోగం పేరును పట్టుకుందని లామా తేల్చి, పేరు మార్చి బతికించాడు. మళ్లీ ఆ పాత పేరు ఆమె నోటా రాలేదు, ఇరుగుపొరుగు నోటా రాలేదు. బతికితే నేపాల్ వెళ్లి అక్కడి పెద్ద బౌద్ధ స్తూపానికి ప్రదక్షిణ చేస్తానన్న మొక్కు మాత్రం మిగిలిపోయింది. పాస్‌పోర్టు అందుకే.

ఈ ఉదయం ఆమె పాస్‌పోర్టు తీసుకుందామని మెట్లెక్కి లైన్లో నిలబడితే, లోపల గుమాస్తా "రించెన్ బిధా!" అని మూడుసార్లు కేకేశాడు. అందరితోపాటు ఆమె కూడా వెనక్కి తిరిగి చూసింది.

"నిన్నే అవ్వా! ఫొటో నీదే కదా?"

"మొహం నాదే నాయనా. పేరు ఆ రోగిష్టిదానిది."

"చేత్తో రాసే రోజుల్లో నువ్వు చెప్పిందే రాసేవాళ్లట. ఇప్పుడు జనాభా లెక్కల్లో ఏముంటే యంత్రం అదే అచ్చేస్తుంది."

"మొక్కు నాది, పుస్తకం దానిది. మరి వెళ్లేదెవరు?"

గుమాస్తా సిరా డబ్బా ముందుకు తోశాడు. "ఇద్దరిలో ఎవరో ఒకళ్లు వేలిముద్ర వెయ్యండవ్వా, వెనక లైనుంది."

వేలిముద్ర వేసి, కిందికొచ్చి కూర్చుని, పాస్‌పోర్టును ఆకుల పక్కన పెట్టింది. తర్వాత రెండు ఆకులు మడిచి ఒకటి తను నములుతూ, రెండోది పాస్‌పోర్టు మీద పెట్టింది.

"తినవే రించెనూ, ఎన్నాళ్లయిందో తిని. ఇద్దరం కలిసే పోదాం. దగ్గు మాత్రం ఇక్కడే వదిలేసి రా."